కింద కూర్చునే మనిషి

మా ఇంట్లోవాళ్ళు సరదాగా ఎక్కడికి వెళ్ళినా ఒక మనిషి కింద కూర్చోవాలి. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి పోతే జెయింట్ వీల్ కింద, జాతరకి పోతే రంగులరాట్నం పక్కన. పైకి ఎక్కేవాళ్ళ చెప్పులు, స్వెట్టర్లు, పర్సులు, సగం తిన్న మిర్చి బజ్జీలు అన్నీ ఆ మనిషి ఒళ్ళోకి వస్తాయి. ఈ కొలువుకి ఎవరూ ఎవరినీ ఎన్నుకోరు. పుట్టింట్లో ఇది మా అమ్మ చేసేది. పెళ్ళయి మాదన్నపేటకి వచ్చిన మొదటి జనవరిలో నుమాయిష్‌కి వెళ్తే, టికెట్ల కిటికీ దగ్గర మా అత్తమ్మ తన సంచులు నాకిచ్చి, "ఇంద బిడ్డా, జెర పట్టుకో" అంది. అప్పుడు పట్టుకున్నవి ఇన్నేళ్ళయినా దించలేదు.

పోనీ అత్తమ్మయినా ఎక్కిందా అంటే అదీ లేదు. నా పక్కనే చతికిలబడి పిల్లల చెప్పులు తను చూసుకునేది. ఇద్దరం మెడలు నొప్పిపుట్టేలా పైకి చూస్తూ, మా వాళ్ళు ఏ పెట్టెలో ఉన్నారో వెతుక్కునేవాళ్ళం.

నేను నయాపూల్‌లో, కోర్టుకి ఎదురుగా ఒక టైపు, జిరాక్స్ షాపులో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోవడమే నా ఉద్యోగం. వాయిదాలకి వచ్చినవాళ్ళు కూడా నా ఎదుట బెంచీ మీద కూర్చునే ఉంటారు. అలాంటిది సెలవు రోజున కూడా సంచులు ముందేసుకుని కూర్చోవాలంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. నాది ముక్కు మీద కోపం అంటాడు మా ఆయన. ముక్కు మీద ఉంటే బాగానే ఉండేది, ఎప్పుడో తుమ్మేసేదాన్ని. కడుపులో పెట్టుకున్నాను కాబట్టే ఇన్నాళ్ళు పట్టింది.

మొన్నటి నుమాయిష్‌లో మొదటిసారి నోరు తెరిచి అడిగాను, నేనూ ఎక్కుతానని. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా. "నీకు కండ్లు తిరుగుతయే. నువ్వు కూసో, మేం దబ్బున ఒస్తం" అన్నాడు మా ఆయన. నాకు కళ్ళు తిరుగుతాయని ఆయనకెట్లా తెలుసు? నాకే తెలియదు, ఎన్నడూ ఎక్కనేలేదు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఆ మాటే నమిలాను.

ఈ వేసవిలో మా బిడ్డ ఇంటర్ పాసయింది. ఫ్రెండ్సంతా చూసొచ్చారట, రింగు రోడ్డు అవతల పెద్ద పార్కుకి పోదామని పట్టుబట్టింది. ఫోన్లో వీడియో చూపించింది. ఆకాశంలో మెలికలు తిరిగిన పట్టాల మీద ఒక రైలు, అందులో మనుషులు తలకిందులుగా వేలాడుతూ అరుస్తున్నారు. ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పేశాను.

"ఈసారి నేను ఎక్కుత. చిన్నయి గిట్ల కాదు, గా పెద్ద రైలే ఎక్కుత."

మా బిడ్డ నవ్వింది. మా ఆయన చారు పోసుకుంటూ "సూద్దాం తీ" అన్నాడు. అత్తమ్మ నా వంక ఒకసారి చూసింది. మర్నాడు షాపు నుంచి వస్తూ మదీనా దగ్గర ఒక పంజాబీ డ్రెస్సు కొన్నాను. చీర కుచ్చిళ్ళు చూపించి ఎవరూ నన్ను ఆపకూడదు.

అంతా బాగానే ఉంది గానీ, బయల్దేరే పొద్దున బంగారం సంగతి వచ్చింది. మా గల్లీలో ఒకింటివాళ్ళు సైదాబాద్‌లో పెళ్ళికి పోయి వచ్చేలోపు దొంగలు ఇల్లు దోచుకుపోయారు. అప్పటినుంచి మా అత్తమ్మది ఒకటే కట్టుబాటు: ఇంటిల్లిపాదీ గడప దాటితే బంగారం కూడా దాటాలి. తన గాజులు, నా నెక్లెసు, బిడ్డ కోసం చేయించిన గొలుసు అన్నీ పాత గుడ్డలో మూటకట్టి టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టింది. పై గిన్నెల్లో నిమ్మకాయ పులిహోర, అప్పాలు సర్దింది. "దొంగ బంగారం ఎత్కపోతడు గని, అన్నం ఎత్కపోడు" అంది. ఆ తెలివికి మేమంతా తలలూపాం. మాకంటే ముందే ఇట్లా బంగారం మూటకట్టుకుని ఊరంతా తిరిగిన ఇళ్ళు మా గల్లీలో ఇంకా నాలుగైదున్నాయి, అది వేరే సంగతి.

పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి క్యారియర్ చూడగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"బయటి తిండి లోపలికి తేవద్దమ్మా. బండిల పెట్టి రాండ్రి."

బండిలో పెట్టడమే! కిరాయి బండి, డ్రైవరు కొత్తవాడు. మా ఆయన గొంతు సవరించుకుని, "తిండి కాదమ్మా... అంటే తిండే, కింద మాత్రం తిండి కాదు" అన్నాడు. ఆ అమ్మాయికి అనుమానం ముదిరింది. ఇక లాభం లేదని నలుగురం పక్కకొచ్చి, పిట్టగోడ మీద కూర్చుని, పొద్దున్నే ఆకలి లేకపోయినా పులిహోరంతా తిన్నాం. లోపలికి పోయేవాళ్ళంతా మమ్మల్ని చూసుకుంటూ పోయారు. మా బిడ్డ చున్నీతో మొహం కప్పుకుని తింది. తర్వాత అత్తమ్మ అడుగు గిన్నె ఆ అమ్మాయి ఒక్కదానికే కనబడేలా తెరిచి, గుడ్డ కొస కొంచెం పక్కకి జరిపింది.

ఆ అమ్మాయి చప్పున మూత పెట్టేసింది. "లాకర్లున్నయ్ పెద్దమ్మా, అండ్ల పెట్టుండ్రి" అంది మెల్లగా.

లాకర్లో పెడదామని నేనన్నాను. మా ఆయన, అత్తమ్మ ఒక్క గొంతుతో వద్దన్నారు. ఆ తాళానికి ఇంకో చెవి వాళ్ళ దగ్గర ఉంటుంది కదా అని మా ఆయన లెక్క. గిన్నె మాత్రం గుడ్డ సంచిలోకి మారింది. ఆ సంచి, ఎవరూ ఎవరినీ అడక్కుండానే, నా భుజానికి వచ్చింది.

లోపల ముందుగా ఒక కోట. బురుజులు, ఫిరంగులు, పైన జెండాలు. పాతబస్తీలో పుట్టి పెరిగినవాళ్ళకి కోట చూపిస్తే ఏం ఆనుతుంది! అత్తమ్మ గోడ మీద వేలితో కొట్టి, "లోపలంత డొల్ల" అని తేల్చేసింది. కోట దాటితే అడవి. అందులో చెవులాడించే ఏనుగులు, చెట్ల మీద స్పీకర్లలో కూసే పిట్టలు. ఆ తర్వాత ఏదో చలిదేశం గల్లీ, ఏటవాలు కప్పుల మీద తెల్లటి నురగే మంచు. మా బిడ్డ ఒక్కొక్కచోటా ఫోటోలు దిగింది. ప్రతి ఫోటోలో నేనున్నాను, ప్రతి ఫోటోలో నా భుజాన సంచి ఉంది.

ఊగే పడవ ఎక్కడానికి తండ్రీ బిడ్డా వెళ్ళారు, నేను కూర్చున్నాను. గిరగిరా తిరిగే కప్పుల్లో తిరిగారు, నేను కూర్చున్నాను. అత్తమ్మ మోకాళ్ళు పట్టేశాయని నీడలో ఇంకో బెంచీ చూసుకుంది. అప్పుడు నాలుగువైపులా పరికించి చూస్తే, ఆ పార్కులో నాలాంటివాళ్ళు ఎంతమంది! ప్రతి ఆటకీ ముందు బెంచీలు, వాటి నిండా ఆడవాళ్ళు, వాళ్ళ చుట్టూ సంచులు. పైన ఆకాశంలో ఉన్నవాళ్ళ సామానంతా కింద వీళ్ళ ఒళ్ళోనే ఉంది. నా పక్కన బుర్ఖా వేసుకున్నావిడ, యాకుత్‌పురా నుంచి వచ్చిందట, కాళ్ళ దగ్గర చెప్పుల జతలు వరసగా పేర్చుకుని కూర్చుంది.

"ఆప్ నై బైఠే?" అని అడిగింది, మీరెక్కలేదా అని.

"నై, సామాన్ హై" అన్నాను సంచి చూపించి.

"మేరెకు బీ వోఇచ్ హై. అబ్ ఆదత్ హో గై" అని నవ్వింది. తనదీ అదే కథట, అలవాటైపోయిందట.

ఆమె నవ్వులో బాధేమీ లేదు. అందుకే నాకు భయం వేసింది. ఇంకో రెండేళ్ళు ఇట్లాగే కూర్చుంటే నేను కూడా అంత హాయిగా నవ్వేస్తానేమో. లేచాను. సంచితోనే పోయి పెద్ద రైలు లైన్లో నిలబడ్డాను. కప్పుల్లోంచి దిగి వచ్చిన మా వాళ్ళు నన్ను అక్కడ చూసి వెనకే వచ్చి చేరారు. ఎండ మాడుతోంది. లైను పాములా మెలికలు తిరిగి జరుగుతోంది. నా నెత్తి మీదుగా రైలు దడదడమని ఎన్నిసార్లు పోయినా నేను లైన్లోంచి కదల్లేదు.

రైలు గేటు దగ్గరి కుర్రాడు సంచి చూశాడు. "బ్యాగు అలో లేదు మేడం. ఎవరికన్న ఇచ్చి రాండ్రి."

నేను వెనక్కి తిరిగి సంచి మా ఆయన ముందుకి చాపాను. "పట్టుకో."

"ఏందే, నేను ఎక్కుతున్న గదా."

"ఈసారి ఎక్కకు. నేను ఎక్కుత."

"లొల్లి చెయ్యకు. మేం పోయొస్తం, తర్వాత ఎక్కుదువు గని."

"పెండ్లైన కాంచి తర్వాత, తర్వాత అనే అంటున్నవ్. గా తర్వాత ఇయ్యాలనే."

వెనకవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. మా బిడ్డ నేల చూపులు చూస్తోంది. మా ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అందరు సూస్తున్నరు. అండ్ల ఏమున్నదో ఎర్కే గదా. నీ కాడుంటెనే ఫికర్ ఉండది" అన్నాడు. నిజానికి అది నన్ను మెచ్చుకోవడమే. ఇన్నేళ్ళూ ఆ మెచ్చుకోలుకే నేను లొంగిపోయాను. ఇప్పుడు కూడా నా చెయ్యి కొంచెం వెనక్కి వచ్చింది, అబద్ధం ఎందుకు.

అప్పుడు కటకటాల అవతలి నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. బెంచీ మీద నుంచి ఎప్పుడు లేచిందో, మోకాళ్ళు పట్టుకుంటూ ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు.

"బంగారం నాది. ఎవలు పట్టుకోవాల్నో నేను చెప్త. నువ్వు పట్టుకోరా."

"అమ్మా, నీకు తెల్వది..."

"నాకు తెల్వందేంది? నీకు బుద్ధి తెలిసిన కాంచి నేను కిందనే కూసున్న. అమ్మా నువ్వెక్కుతవా అని ఒక్కనాడన్న అడిగినవా?"

గొంతు పెంచలేదు. కూరలవాడితో బేరం ఆడినట్టే మాట్లాడింది. మా ఆయన సంచి తీసుకుని లైన్లోంచి బయటికి పోయాడు.

సీట్లో కూర్చోబెట్టి భుజాల మీదుగా ఇనుప కడ్డీ దించి బిగించారు. రోట్లో తలపెట్టాక రోకటి పోటుకు వెరవడమెందుకని నాకు నేను చెప్పుకున్నాను. వెరిచాను. రైలు నింపాదిగా పైకి పోతుంటే చేతులు చెమటతో జారిపోయాయి. పక్కన మా బిడ్డ కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను మూసుకోలేదు, ఇన్నేళ్ళు ఆగింది చూడటానికే. కొస మీద ఒక్క క్షణం ఆగినట్టయి, రింగు రోడ్డూ ఎండిన చెల్క పొలాలూ ఎక్కడో దూరంగా పొగలో మా ఊరూ కనిపించాయి. ఆ తర్వాత కింద నేల లేదు. కడుపు పైనే ఉండిపోయి నేనొక్కదాన్ని కిందికి వచ్చాను. అమ్మా అని అరిచాను, తలకిందులైనప్పుడు ఇంకా గట్టిగా అరిచాను, మూడో మెలిక దగ్గర అది నవ్వయిపోయింది. నా గొంతులో అంత అరుపు ఉందని నాకు తెలియదు.

రైలు దిగాను. కళ్ళేమీ తిరగలేదు. ఆ సంగతి చెబుదామని చూస్తే, మా ఆయన బెంచీ మీద కుక్కిన పేనులా కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో సంచి, రెండు చేతులూ దాని మీద, బాత్రూముకి కూడా లేవలేదట. నన్ను చూడగానే లేచి, అలవాటుగా సంచి నావైపు చాపాడు.

నేను అందుకోలేదు. అంతలో అత్తమ్మ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "నాకు గా రైలు ఒద్దు గని, గా పెద్ద చక్రం ఎక్కియ్యి" అంది. తన కోసం ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. మా ఆయన సంచి మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నాడు.

అద్దాల పెట్టెలో ఇద్దరమే ఎదురెదురుగా కూర్చున్నాం. చక్రం కదిలింది. అత్తమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది, తీసింది, సీటు మీద పెట్టింది, కొంగు సర్దుకుంది, మళ్ళీ తీసింది.

"చేతులు ఏడ పెట్టుకోవాలె పిల్లా?" అంది.

"ఏడన్న పెట్టుకో అత్తమ్మా" అన్నాను.

ఆమె రెండు అరచేతులూ అద్దానికి ఆనించి కిందికి చూడసాగింది. కోట, అడవి, మంచు గల్లీ అన్నీ ఒక్కొక్కటే చిన్నవయ్యాయి. బెంచీ మీది మనుషులు ఎవరెవరో తెలియకుండా పోయారు. మేమింకా సగమైనా ఎక్కలేదు.

"దిగినంక మళ్ల ఎక్కుదమా?" అని అడిగింది.

"ఎక్కుదం" అన్నాను.