మా వంటింట్లో ఉడికిన జిగురు

మా ముత్తాత బళ్ళారి దగ్గరి తెక్కలకోటకు పటేలు, అంటే ఊరి పెద్ద. ఆయన కొడుకు, అంటే మా తాత, అక్కడ రైస్ మిల్లు పెట్టాడు. తాత గేటు దాటి లోపలికి వస్తే హమాలీలు లేచి నిలబడేవాళ్ళు. ఆ గౌరవాన్ని నేను తక్కువ చేసి చెప్పను.

మొన్న బళ్ళారిలో విద్యార్థులు బంద్ పోస్టర్లు అతికిస్తున్నారు. మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసనకు నేను రోడ్డు దాటి అవతలి వైపుకు వెళ్ళిపోయాను.

నా ఎనిమిదో ఏట ఆ జిగురు మా వంటింట్లోనే ఉడికింది. కాలేజీలో చదివే చిన్నాయన, అంటే తాత చిన్న కొడుకు, స్నేహితులతో వచ్చి, మా అన్నం తిని, మా మిల్లులోనే సమ్మె చేయమని పోస్టర్లు రాశాడు.

“విప్లవం ఎప్పుడొస్తాది చిన్నాయనా?” అని అడిగాను.

“కాలేజీ, మిల్లు రెండూ మూడు దినాలు మూస్తే వచ్చేస్తాది రా.”

విప్లవం ఎవరో పెద్దమనిషి అనుకుని, సమ్మెతో మిల్లు మూతపడిన మూడు రోజులూ ప్రతి బస్సుకూ ఎదురెళ్ళాను. మూడో రోజు చివరి బస్సులోంచి ఎవరూ దిగలేదు. చిన్నాయన, స్నేహితులు ఆ బస్సెక్కి పరీక్షలకు వెళ్ళిపోయారు.

“మన విప్లవం యాడికి పోతాండాదప్పా?” అన్నాడొక హమాలీ.

సమ్మెలో అందరికన్నా ముందు నిలబడిన హమాలీ హనుమప్ప నవ్వాడు. “పరీక్షలంటప్పా. పాసయినాక వస్తాదంట.”

మర్నాడు తాత అందరినీ పనిలోకి పిలిచాడు, హనుమప్పను తప్ప. వారం పాటు అతను గేటు బయటే నిలబడ్డాడు.

వేసవిలో చిన్నాయన ఫస్ట్ క్లాసులో పాసై వచ్చి, తాత పక్కనే విస్తరి ముందు కూర్చున్నాడు. హనుమప్ప మాట చిన్నాయన ఎత్తలేదు. పెద్దయ్యాక నేనూ ఎత్తలేదు.

తాత పోయాక మిల్లును గేటుతో సహా అమ్మేశాం. పత్రం మీద మొదటి సంతకం చిన్నాయనది.