ఏడవని పిల్లను అడిగిన డాక్టరుగారు

మా డాక్టరుగారు పోయారని ఆదివారం మధ్యాహ్నం తెలిసింది. ఒకప్పుడు మాతో పనిచేసిన ఆయమ్మ ఫోన్ చేసి, "సిస్టర్, పెద్ద సార్ ఇగ లేడు" అంది. పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వచ్చేదాకా ఇద్దరం ఫోన్ పట్టుకునే ఉన్నాం.

దబీర్‌పురా స్టేషన్‌కు కొంచెం ఇవతల, ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో నేను నర్సుని. ఆయన పిల్లల సర్జన్. కోస్తా నుంచి వచ్చి నగరంలోనే ఉండిపోయారు. మాట కరుకు. రౌండ్సుకు వస్తే కేస్‌షీటు చూసి, కుట్లు చూసి, పక్క మంచానికి కదిలేవారు. పొట్ట కోయకుండా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి చేసే ఆపరేషన్లు తొంభైల చివర్లో మా దగ్గర మొదలుపెట్టింది ఆయనే. తల్లిదండ్రులకు తన చిటికెనవేలు చూపించి, "ఇంతే రంధ్రం. దీనికి నొప్పేం ఉంటుందమ్మా" అనేవారు. నమ్మే అనేవారు. మేమూ నమ్మాం. ఏడ్చిన పిల్లలకు నొప్పి మందు ఇచ్చేవాళ్ళం. ఏడవని పిల్లలను మెచ్చుకునేవాళ్ళం.

అలాంటి రోజుల్లో గౌలిపుర నుంచి ఒక పాపను తెచ్చారు. రెండో క్లాసో మూడో క్లాసో చదువుతోంది. తండ్రి బర్రెలను సాకి ఇంటింటికీ పాలు పోసేవాడు. పాపకు అపెండిక్స్ వాచి, ఇక ఆలస్యమైతే చిట్లిపోయేలా ఉంది. ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు పాప ఏడవలేదు. మోకాళ్ళు ముడుచుకుని, గోడవైపు తిరిగి, కదలకుండా పడుకుంది. మంచి పిల్ల అనుకున్నాం.

తండ్రి మాత్రం డాక్టరుగారిని గుమ్మం దగ్గర ఆపాడు. "సార్, మా పోరి గిట్ల ఉండదు. ఇంట్ల ఒక్క నిమిషం నోరు మూయదు. భుజం గుంజుతుందంటది. ఆపరేషనేమో కడుపుకాయె. ఏంది సార్ ఇది?"

"ఆపరేషన్ చేసేటప్పుడు పొట్టలో గ్యాస్ నింపుతాం. కొంచెం మిగిలిపోతే భుజం లాగుతుంది. అదే తగ్గుతుందిలే" అన్నారు ఆయన, నడుస్తూనే.

తగ్గలేదు. గట్టిగా ఊపిరి పీలిస్తే పొట్టలో పొడుస్తోందని పాప పైపైన ఊపిరి తీసుకుంది. దగ్గు వచ్చినా ఆపుకుంది. ఆ మరుసటి రోజుకు ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఆయాసం. ఎక్స్‌రేలో ఒకవైపు ఊపిరితిత్తి కింది భాగం గాలి ఆడక తెల్లగా కనిపించింది. డాక్టరుగారు ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత స్టూలు లాక్కుని పాప పక్కన కూర్చున్నారు. ఆయన వార్డులో కూర్చోవడం అదే మొదటిసారి చూశాను.

"నొప్పిగా ఉందా తల్లీ?"

పాప తండ్రివైపు చూసింది. అతను తలూపాక మెల్లగా చెప్పింది. "మస్తు నొస్తుంది. చెప్తే మల్ల సూది ఏస్తరు."

డాక్టరుగారు లేచి తండ్రి దగ్గరికి వెళ్ళి, మా అందరి ముందే అన్నారు: "తప్పు నాదయ్యా. నొప్పికి భయపడి పిల్ల ఊపిరి సరిగా తీసుకోలేదు. నువ్వు చెప్పావు, నేను వినలేదు."

తండ్రి అరవలేదు. "తప్పు సంగతి తర్వాత సార్. పానం దక్కుతదా, గది చెప్పుండ్రి" అన్నాడు.

"దక్కాలి" అన్నారు ఆయన.

ఆ వారమంతా మా అందరికీ పాప ఊపిరి మీదే ధ్యాస. కొత్తగా సూది గుచ్చకుండా, ఎక్కుతున్న సెలైన్ గొట్టంలోంచే నొప్పి మందు ఇచ్చాం. నొప్పి అదుపులోకి వచ్చాకే పాప లేచి కూర్చుంది, దగ్గింది. ఛాతీ తెరుచుకోవడానికి ఊదమని తండ్రి బుగ్గలు కొనుక్కొచ్చాడు. మా వైపు బెలూన్లను అలాగే అంటాం. పాప ఊదలేక వదిలేసినవన్నీ అతనే ఊది మంచానికి కట్టాడు. చివరికి పాప కోలుకుని ఇంటికి వెళ్ళింది. డాక్టరుగారు మాత్రం మునుపటి మనిషి కాలేదు.

ఆ తర్వాత ప్రతి ఆపరేషన్ చివర పొట్టలోని గ్యాస్‌ను ఓపిగ్గా బయటికి పంపేవారు. పిల్ల మత్తులో ఉండగానే ఒక్కో రంధ్రం చుట్టూ తిమ్మిరి మందు వేసేవారు. ఏడ్చినా ఏడవకపోయినా వేళకు మందు పడాల్సిందే. "ఏడుపు కోసం ఎదురుచూడకు సిస్టర్" అని నన్ను ఎన్నిసార్లు కసిరారో. మందు అలవాటవుతుందేమోనని తల్లులు భయపడితే, "నొప్పి అలవాటు కాకూడదమ్మా, అది చూసుకుందాం" అనేవారు. ఉర్దూ మాట్లాడే పిల్లల దగ్గర కూర్చుని, తన కోస్తా యాసలో "దర్ద్ హై క్యా?" అని నొప్పి గురించి అడిగేవారు. ఒక చిన్నది నవ్వి, వెంటనే పొట్ట పట్టుకుని, "దుఖ్‌రా క్యా బోలో సాబ్" అని, ఆ ప్రశ్ననే ఇక్కడి మాటలోకి దిద్దింది. అప్పటినుంచి ఆయన అలాగే అడిగారు.

ఆయన మంచాన పడ్డాక చూడటానికి వెళ్ళాను. పలకరింపులయ్యాక ఉన్నట్టుండి అన్నారు: "ఆ గౌలిపుర పాపకంటే ముందు వచ్చినవాళ్ళున్నారు కదా సిస్టర్. వాళ్ళందరికీ నొప్పి ఉండదని నేనే చెప్పాను. వాళ్ళూ నొప్పితో నోరు మూసుకుని పడుకుని ఉంటారు."

"తర్వాత ఎంతమందికి మంచి చేసిన్రు సార్" అన్నాను.

"వాళ్ళు వేరే పిల్లలు" అన్నారు ఆయన.

ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటే కృతజ్ఞతతో పాటు ఆ మాటా గుర్తొస్తుంది.

ఒక ఉదయం మా వార్డు వరండా గుర్తుంది. ముందు రోజే ఆపరేషన్ అయిన పసిది ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో డాక్టరుగారి వేలు పట్టుకుని నడుస్తోంది. అంత పొడుగు మనిషి నడుము వంచి, దాని అడుగంత అడుగే వేస్తున్నారు. మధ్యలో అది ఆగిపోయింది. ఆయనా ఆగారు. పదమని అనలేదు. అది మళ్ళీ కాలు కదిపేదాకా అలా వంగే నిలబడ్డారు.