సఖినేటిపల్లి రేవులో అమ్మ వేసిన పెసరట్లు

మొన్న మనవరాలి కళ్ళజోడు మార్పించడానికని అమలాపురం వెళ్ళాం. పని తొందరగానే అయిపోయింది. ఎండ ఇంకా ఉండగానే బస్టాండుకి నడిచి వస్తుంటే, దారిలో ఒక అట్ల బండి దగ్గర ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఇంటి పెద్ద కాబోలు, ఒకాయన స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. కొడుకు పొట్లాలు కడుతున్నాడు. కోడలు గరిటెడు పెసరపిండి పెనం మీద పోసి గుండ్రంగా తిప్పేసరికి, చుయ్‌మని లేచిన ఆవిరితో పాటు అల్లం, పచ్చిమిర్చి వాసన వచ్చి నా ముఖానికి తగిలింది. అంతే, అరవై ఎనిమిదేళ్ళదాన్ని, మోకాళ్ళ నొప్పులదాన్ని, నడివీధిలో నిలబడి నాలో నేనే నవ్వుకోవడం మొదలుపెట్టాను. ఏమైంది అమ్మమ్మా అని మనవరాలు కంగారు పడింది. బస్సులో ఆ పిల్లకి సగమే చెప్పగలిగాను. మొత్తం మీకు చెబుతాను. నా ఈడువాళ్ళకైతే ఏదీ విడమరచి చెప్పక్కర్లేదు కదా.

మాది మామిడికుదురు దగ్గర పల్లెటూరు. కాస్త వరి, కాస్త కొబ్బరి ఉన్న ఉమ్మడి కుటుంబం. ఇంటికి పెద్ద దిక్కు మా నాయనమ్మ. ఆవిడ దృష్టిలో బయట తినడమంటే ఇంట్లో పొయ్యి ఆరిపోయినవాళ్ళు చేసే పని. అందుచేత మా చిన్నతనంలో బయట తిండి అంటే తీర్థంలో కొనిచ్చే జీళ్ళు, ఖర్జూరం మాత్రమే. వాటిని కూడా ఇంటికి తెచ్చి, దేవుడి ముందు పెట్టి, అందరికీ పంచాక మన వంతుకి నాలుగు వస్తే తినాలి. ఇక మా అమ్మ సంగతి. మా ఇంటికొచ్చిన చుట్టాలు ఆవిడ పెసరట్లని ఎంత మెచ్చుకునేవారో! కానీ ఆ మెచ్చుకోలంతా వీధి అరుగు మీద నాన్నగారికే అందేది. వంటింట్లో పొగలో కూర్చుని అట్ల మీద అట్లు వేసి లోపలి నుంచి అందించే మనిషిని ఎవరూ చూసేవారు కాదు. అందరూ తిన్నాక, గిన్నె అడుగున మిగిలిన పిండితో ఒకటి వేసుకుని, అది చల్లారిపోయాక ఎప్పుడో ఏదో పని మధ్యలో నిలబడి తుంచుకుని తినేది. అది విచారించవలసిన విషయమని అప్పట్లో మాకెవరికీ తోచలేదు, నాతో సహా.

నాకు పదకొండేళ్ళ వయసులో, మాఘమాసంలో, అంతర్వేది తీర్థానికి వెళ్ళాం. నాన్నగారు, అమ్మ, నేను. నాయనమ్మ ఒంట్లో బాగుండక రాలేదు. నర్సాపురం నుంచి మా మేనత్త కూడా వచ్చి మమ్మల్ని కలుసుకుంది. నాన్నగారికి చెల్లెలు, మహా సరదా మనిషి. స్వామి కళ్యాణం చూసి, మర్నాడు ఏకాదశి ఉపవాసం ఉండి రథం చూసి, ద్వాదశి తెల్లారగానే మేనత్తని గోదావరి దాటించే పంటు ఎక్కించి పంపేద్దామని సఖినేటిపల్లి రేవుకి వచ్చాం. అక్కడికి చేరేసరికి ఎంత జనం! ఒడ్డునంతా మూటలు, చంటిపిల్లలు, తీర్థంలో కొన్న చేటలు, బూరలు. అందరూ నిన్నటి ఉపవాసం మీద ఉన్నవాళ్ళే. గోదావరి గాలికి ఆకలి ఇంకా రెట్టింపయింది.

రేవు పక్కనే తాటాకు పాకలో ఒక పెసరట్ల దుకాణం. భార్యాభర్తలు, ఆయన తల్లి, ముగ్గురే మనుషులు. భర్త పొత్రం తిప్పి పిండి రుబ్బేవాడు, తల్లి పచ్చడి వడ్డించేది, భార్య పెనం దగ్గర ఉండేది. ఆ మామ్మగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు, చేత్తో తడిమి చూసి ఆకులో పచ్చడి వేసేది. నాన్నగారు రాజోలు బస్సు సంగతి కనుక్కొస్తానని వెళ్ళగానే మా మేనత్త నా వైపు చూసి కన్ను గీటి, అమ్మ వద్దు వద్దంటున్నా ఇద్దరినీ లాక్కెళ్ళి ఆ పాకలో బల్ల మీద కూలేసింది. మొదటి అట్టు నాకే వచ్చింది. అరిటాకు ముక్కలో, అంచులు కరకరలాడుతూ, నడిమధ్య మెత్తగా, పైన ఉల్లిపాయ ముక్కలు ఎర్రగా వేగి! చెయ్యి కాలుతున్నా ఆగలేక తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఇల్లు కాని చోట, తెలియని మనుషుల మధ్య, కాళ్ళు ఊపుకుంటూ తినడంలో ఇంత సంతోషం ఉందని నాకెవరూ చెప్పలేదు.

నా అట్టు సగమైందో లేదో, పెనం దగ్గరున్న ఆవిడ అట్లకాడ వదిలేసి పాక గుంజ పట్టుకుని వంగిపోయింది. అప్పుడు గానీ చూడలేదు, ఆవిడ నిండు చూలాలు. ఇంకా పదిహేను రోజులుందనుకున్నారట. మామ్మగారు కోడలి నడుము తడిమి చూసి, ఇక ఆలస్యం చెయ్యకూడదురా అంది. తీర్థం నుంచి వస్తున్న ఒక జీపుని ఆపారు. భర్త ఆవిడని ఎక్కించి, జనం వైపు తిరిగి చేతులు జోడించాడు. "అట్లు ఇంక లేవండీ. ఏమీ అనుకోకండి. రాజోలు ఆసుపత్రికి వెళ్ళాలండీ."

జీపు వెళ్ళిపోయింది. పాక ముందు అరవై డెబ్భై మంది ఉన్నారేమో. ఏటికొక్కసారి వచ్చే తీర్థం కోసం ఆ కుటుంబం నానబోసి రుబ్బుకున్న రెండు పెద్ద గుండిగల పిండి, పొయ్యి మీద కాలుతున్న పెనం, పక్కన గిన్నెడు అల్లప్పచ్చడి. ఎండెక్కితే ఆ పిండంతా పులిసి గోదాట్లో పొయ్యడమే. ఆ సంగతి తెలిసే కాబోలు, మామ్మగారు తడుముకుంటూ వచ్చి గరిటె అందుకుంది. మొదటి గరిటె పిండి సగం పెనం మీదా సగం నిప్పుల మీదా పడింది. ఆవిడ చెయ్యి మంట దగ్గరగా వెళ్ళడం చూసి నేను అరిచాను.

నా పక్కన బల్ల మీద ఉన్న అమ్మ అప్పటికే లేచిపోయింది. కొంగు బిగించి దోపుకుంటూ, "మామ్మగారూ, మీరిలా కూచోండి. నేను వేస్తాను," అంది.

మా మేనత్త తెల్లబోయింది. "వదినా! ఇంతమందిలోనా? అన్నయ్య చూస్తే?"

"చూస్తే చూడనియ్యి. ముందు నువ్వా పచ్చడి గిన్నె అందుకో."

అమ్మ గొంతులో ఆ అధికారం నేను అంతవరకూ వినలేదు. మేనత్త కూడా విన్నట్టు లేదు, కిక్కురుమనకుండా పచ్చడి గిన్నె అందుకుంది.

మొదటి అట్టు చిరిగిపోయింది. ఇంటి పెనానికి రెండింతల పెనం అది, కింద కొబ్బరి మట్టల మంట భగభగమంటోంది. అట్లకాడకి చుట్టుకుపోయిన పిండిని చూసి వెనకనించి ఎవరో పెదవి చప్పరించారు. అమ్మ మాత్రం తల ఎత్తలేదు. పొయ్యిలోంచి రెండు మట్టలు బయటికి లాగి, పెనం మీద నీళ్ళు చిలకరించి, సగానికి కోసిన ఉల్లిపాయతో గట్టిగా రుద్ది, ఒక్క క్షణం ఆగింది. ఆ తరువాత పోసిన అట్టు పున్నమి చంద్రుడిలా గుండ్రంగా వచ్చింది. అట్లకాడ మీదకి ఎంత తేలిగ్గా లేచిందో, అంత తేలిగ్గా ఆకులో పడింది. అది అందుకున్న లావుపాటాయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఆయ్! ఇదండీ అట్టంటే," అన్నాడు. జనం నవ్వారు. అంతటితో అందరికీ ధైర్యం వచ్చి వరసలో నిలబడ్డారు.

ఇక చూడండి ఆ సంబరం! అమ్మ ఒకేసారి మూడేసి అట్లు వెయ్యడం మొదలుపెట్టింది. ఒకటి పోస్తూ, రెండోదాని మీద జీలకర్ర, అల్లం ముక్కలు జల్లుతూ, మూడోది తీస్తూ. మా మేనత్త పచ్చడి వేస్తూ ఒక్కొక్కరినీ ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగేస్తోంది. చంటిపిల్లలున్నవాళ్ళు ముందుకి రండమ్మా అని మామ్మగారు కేకలు. నేను తినడం ఎప్పుడో మానేసి బల్లెక్కి నిలబడి చూస్తున్నాను. మేనత్త ఎక్కవలసిన పంటు వచ్చింది, హారను కొట్టింది, వెళ్ళిపోయింది. ఆవిడ అటు తిరిగి కూడా చూడలేదు. మా వీధిలో ఉండే ఒకాయన వరసలోకి వచ్చి, అమ్మని గుర్తుపట్టి, చేతిలోకి వచ్చిన అట్టుతో అలాగే వెనక్కి నడిచి వెళ్ళిపోవడం కూడా చూశాను. ఇక ఊళ్ళో తెలిసిపోయినట్టే.

సరిగ్గా అప్పుడే నాన్నగారు వచ్చారు.

గబగబా జనాన్ని తోసుకుని వస్తూ పెనం వైపు చూసి ఆగిపోయారు. ఆయన ముఖంలో ఏముందో నాకు అర్థం కాలేదు. ఇంతలో ముందున్న ఒక ముసలాయన, "వరసలో రండి బాబూ, మేమంతా మనుషులం కాదేంటండీ," అని కసిరాడు. నాన్నగారు ఆయన్ని చూశారు, మళ్ళీ అమ్మని చూశారు. వెనక్కి నడిచి వెళ్ళి వరస చివర నిలబడ్డారు.

ఆ వరస కదిలినంతసేపు నేను బల్ల దిగలేకపోయాను. మేనత్త నాన్నగారి వైపే చూస్తూ పచ్చడి ఆకుల బయట వేసేస్తోంది. అమ్మ మాత్రం చూసిందో లేదో తెలియదు, ఆమె చేతి వేగం తగ్గలేదు. చివరికి నాన్నగారి వంతు వచ్చింది.

"ఒక పెసరట్టండి," అన్నారు.

అమ్మ గరిటె గాల్లో ఆగింది. తలెత్తి చూసింది. ముఖమంతా చెమట, నుదుటి బొట్టు కారిపోయి ఉంది. "అల్లం వెయ్యమంటారా?" అని అడిగింది.

"ఆయ్. బాగా వెయ్యండి."

మా మేనత్త పకపకా నవ్వేసింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నాన్నగారు ఆకు పట్టుకుని అందరిలాగే నేల మీద గొంతుక్కూర్చుని తిన్నారు. తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, చొక్కా చేతులు మడిచి పొయ్యిలోకి మట్టలు అందించడం మొదలుపెట్టారు. మా నాన్నగారు వంటపొయ్యి దగ్గర కూర్చోవడం నేను చూసింది అదే మొదలు.

రెండో గుండిగ అడుగంటుతుండగా జీపు డ్రైవరు తిరిగొచ్చాడు. దూరం నుంచే చెయ్యి ఊపుతూ, "మామ్మా, ఆడపిల్లంట! తల్లీ పిల్లా కులాసా!" అని అరిచాడు. ఎవరి పిల్లో తెలియని వాళ్ళు కూడా కేరింతలు కొట్టారు. ఎవరో తీర్థంలో కొన్న బూర ఊదారు. మామ్మగారు లేచి వచ్చి అమ్మ బుగ్గలు తడిమి, చేతిలోని గరిటె లాగేసుకుంది. ఇంక నువ్వు కూచోమంది. ఈ ఒక్కటీ నేనే వేస్తానంది. అమ్మ వారిస్తున్నా వినలేదు. నాన్నగారు మామ్మగారి మణికట్టు పట్టుకుని పెనం మధ్యకి చూపించారు. మిగతాదంతా ఆవిడ అలవాటు మీదే నడిపించింది. అట్టు కాస్త వంకరగా వచ్చింది. అయితేనేం, పొగలు కక్కుతూ వచ్చింది.

అమ్మ బల్ల మీద నాకూ నాన్నగారికీ మధ్యన కూర్చుని తింది. వేడి అట్టు, పొయ్యి మీంచి నేరుగా ఆకులోకి దిగింది. వేలు కాల్చుకుని ఊదుకుంటూ, పచ్చడి ఘాటుకి ముక్కు ఎగబీలుస్తూ, తొందరేమీ లేకుండా మొత్తం తినేసింది. పెళ్ళయ్యాక వేడి అట్టు తినడం ఇదే మొదలేమో అని మేనత్తతో అని నవ్వింది. నాన్నగారు నవ్వలేదు. గోదావరి వైపు చూస్తూ కూర్చున్నారు.

మేము ఊరు చేరేసరికి కబురు మాకంటే ముందే చేరిపోయింది. నాయనమ్మ మూడు రోజులు అమ్మతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున వంటింటి గడప దగ్గర నిలబడి, ఎటో చూస్తూ, అంతమంది అన్ని తిన్నారంటే పిండిలో ఏం కలిపేవే అని అడిగింది. నాన్నగారు ఎవరితోనూ ఏ వాదనా పెట్టుకోలేదు. ఆ ఆదివారం అందరికీ ఆకులు వేస్తుంటే, తన పక్కన ఇంకో ఆకు వేయించి, అమ్మ వచ్చి కూర్చునేదాకా తినడం మొదలుపెట్టలేదు. నాయనమ్మ గొణుక్కుంటూనే ఆ పూట తనే పెనం దగ్గర కూర్చుంది. మరి మూడు వారాలకి అమ్మ అందరితో కూర్చుని తినడం మా ఇంట్లో మామూలైపోయింది. ఆ తరువాత ప్రతి తీర్థానికీ ఆ పాకకి వెళ్ళేవాళ్ళం. గుంజకి కట్టిన ఉయ్యాలలో ఉన్న పిల్ల, పాకుతున్న పిల్ల, పచ్చడి వడ్డిస్తున్న పిల్ల, అలా ఆ పిల్ల పెరగడం చూశాం. మేం వెళ్తే అమ్మని మాత్రం పెనం దరిదాపులకి రానిచ్చేవారు కాదు. మీరు మా ఇంటి ఆడపడుచండీ, కూచుని తినండి అనేవారు. అమ్మ కూర్చుని తినేది. కానీ ఆవిడ చూపంతా పెనం మీదే ఉండేది.

ఇప్పుడు ఎవరి అట్టు వాళ్ళకి పెట్టెలో పెట్టి ఇంటి గుమ్మంలోకే తెచ్చిస్తున్నారు. ఇంట్లో ఆడది ఆఖరున తినాలన్న మాట మా కోడళ్ళకి చెబితే కథ అనుకుంటారు, అనుకోవడమే మంచిది కూడా. అందుకు నాకు సంతోషమే. కానీ ఆకలితో వరసలో నిలబడి, ముందున్నవాళ్ళు తింటుంటే చూసి నోరూరి, ఊరూ పేరూ తెలియని మనిషికి ఆడపిల్ల పుట్టిందంటే బూర ఊదే జనం ఎటు పోయారో తెలియదు.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని ఎన్నో కబుర్లు చెప్పుకున్నాం, ఎన్నో పాత సంగతులు తవ్వుకున్నాం. ఆ రేవులో, అంతమంది ఎదుట, మళ్ళీ ఒక్కసారైనా అలా నిలబడాలని నీకు ఉండేదా అమ్మా అని మాత్రం నేను అడగలేదు. అడగాలని ఎందుకు తోచలేదో!