గొంతు విప్పని రోజులు

డబ్బింగ్ థియేటర్లో ఏడుపులూ కేకలూ సాయంత్రానికి అట్టేపెడతారు. పొద్దున్నే ఏడిస్తే గొంతు బొంగురుపోయి, తర్వాత చెప్పాల్సిన ముద్దుమాటలు పాడవుతాయి. అందుకని మేం హీరోయిన్‌కి ముందు పెళ్ళి చేసి, పాపని ఎత్తించి, అత్తగారితో పోట్లాడించి, కాఫీలు తాగాక తీరిగ్గా ఏడిపించేవాళ్ళం. కథలో ఆమె కష్టాలు ఏ వరసలో వచ్చాయన్నది మాకు అనవసరం.

నేను అలా ఏడ్చి బతికినదాన్ని. మద్రాసులో మొదలుపెట్టాను. పరిశ్రమ ఇటు కదిలాక మేమూ మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్ వచ్చి, మధురానగర్‌లో ఒక మేడమీద పోర్షన్‌లో అద్దెకు దిగాం. మా ఆయన ప్రొడక్షన్ మేనేజరు. నెలలో ఎక్కువ రోజులు గోదావరి జిల్లాల్లో ఔట్‌డోర్‌లోనే ఉండేవారు. ఇంట్లో నేనూ, రెండో తరగతి చదివే మా అమ్మాయీ. నా మాటకి థియేటర్లలో ఈలలు పడేవి, ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు. నన్ను మాత్రం మా వీధి కూరగాయల బండివాడు కూడా గుర్తుపట్టేవాడు కాదు. దాని గురించి నాకు బాధ ఉండేది కాదని చెప్తే అబద్ధం. గర్వం కూడా ఉండేది. ఆ ముఖాలు ఎవరివైనా, ఆ గొంతు నాది కదా అని.

హుస్సేన్ సాగర్‌లో నిలబెట్టాల్సిన బుద్ధుడి విగ్రహం, తెచ్చేటప్పుడు మునిగిపోయి, ఇంకా నీళ్ళ అడుగునే ఉన్న రోజులవి. టాంక్‌బండ్ మీదుగా బస్సు వెళ్తుంటే అందరూ ఒకసారి అటు తొంగిచూసేవాళ్ళు. అప్పుడే ఫిల్మ్ నగర్‌లో నాకు ఒక టీవీ సీరియల్ తగిలింది. హిందీలో తీసిన బుద్ధుడి కథ. నేను రాకుమారుడి భార్యకు చెప్పాలి. హిందీ పెదవులకు అతికేలా తెలుగు మాటలు రాసే పెద్దాయనను మేమంతా మేష్టారూ అనేవాళ్ళం. గుంటూరు వైపు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. బౌద్ధం మీద మోజుతో ముదిమిలో పాళీ నేర్చుకున్నారు. రాసిన కాగితం చేతిలో పెట్టి మళ్ళీ దాని మీద ఒక పాఠం చెప్పేవారు. నాకు విసుగొచ్చేది. లంచ్ లోపల రెండు రీళ్ళు అవ్వాలి, ఈయనకి తృష్ణ ఎలా పుడుతుందో చెప్పాలి.

ఆ రోజు సాయంత్రం ఏడుపు మిగిలింది. రాకుమారుడు వెళ్ళిపోయాడు. భార్య లేచి చూస్తే పక్క ఖాళీ. ఒక ఊపిరి, ఆ వెంటనే ఒక కేక. తెర మీద ఆ ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. ఎర్రలైటు వెలిగింది. ఊపిరి తీసుకుని నోరు తెరిచాను. గాలి వచ్చింది. కేక రాలేదు.

అద్దం వెనక సౌండ్ ఇంజనీరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అద్భుతం మేడమ్! కేక లేకపోవడమే బాగుంది, ఉంచేద్దాం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా గొంతు పోయిన ముక్క ఓకే టేక్ అయి కూర్చుంది. మేష్టారు ఒక్కరే చప్పట్లు కొట్టకుండా నా ముఖం వైపు చూశారు. నేను నవ్వాను.

మిరియాలు నమిలాను, పటికబెల్లం చప్పరించాను, వేడినీళ్ళు తాగాను. పొద్దున్న లేస్తూనే స్నానాల గదిలో తలుపేసుకుని ఒక మాట అని చూసుకునేదాన్ని. ఒకరోజు సగం పలికేది, ఒకరోజు అసలు పలికేది కాదు. చివరికి జూబ్లీ హిల్స్‌లో, సినిమావాళ్ళంతా వెళ్ళే గొంతు డాక్టరు దగ్గరికి బయల్దేరాను. ఆ గేటు ముందు ఎప్పుడూ నిర్మాతల కార్లుండేవి, చెట్టు కింద డ్రైవర్లు కబుర్లాడుకుంటూ ఉండేవాళ్ళు. వాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. నన్ను అక్కడ ఒక్కడు చూస్తే చాలు, సాయంత్రానికి నా స్థానంలో ఇంకొక అమ్మాయి మైకు ముందు నిలబడుతుంది. అందుకని ఆటోని మలుపులోనే ఆపి, నెత్తిన కొంగు కప్పుకుని, దొంగలా ఎత్తు ఎక్కి వెళ్ళాను.

డాక్టరు అద్దం పెట్టి చూసి, స్వరతంత్రి మీద చిన్న కండ పెరిగిందన్నారు. "ముందు పూర్తిగా మాట మానెయ్యండి. తర్వాత చూద్దాం" అన్నారు.

మానేశాను. అంటే, మా పద్ధతిలో మానేశాను. డబ్బింగులో రహస్యం చెప్పే సీన్లంటే మాకు సెలవుల్లాంటివి. గొంతు పెట్టనక్కర్లేదు, గాలితో చెప్పేస్తే చాలు. గొంతు అలిసిపోయిన రోజు గుసగుస డైలాగులుంటే ఇవ్వండి బాబూ అని అడుక్కునేవాళ్ళం. అందుకని ఇంట్లో అన్నీ గుసగుసగా చెప్పాను. పాపకి ఎక్కాలు, పాలవాడికి లెక్కలు, ఫోన్లో మా ఆయనకి ధైర్యం. ఎంత బాగా విశ్రాంతి ఇస్తున్నానో అని నాలో నేను మెచ్చుకున్నాను కూడా. మా అమ్మాయికి అదొక ఆటయింది. తనూ గుసగుసలాడేది.

మళ్ళీ చూసిన డాక్టరుకి కోపం వచ్చింది. "మాట్లాడొద్దంటే ఏం చేశారమ్మా?" అన్నారు. గుసగుసగా చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. నేను చేసిన గుసగుస గొంతుని అరుపు కంటే తక్కువేమీ నలపలేదట. కండ పెద్దదయింది, ఆపరేషన్ చేసి తీసేయాలి, తీసిన ముక్కని పరీక్షకి పంపాలి అన్నారు. దేనికి పరీక్ష అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నెత్తిన కొంగు కప్పుకోవడం మరిచిపోయి మెట్లు దిగాను. ఈసారి డ్రైవర్లు చూశారో లేదో కూడా నాకు గుర్తులేదు.

ఆపరేషన్ అయింది. గుసగుస కూడా నిషిద్ధం, పాప రాసుకునే పలకే నా నోరు. మా ఆయన వచ్చి ఉండి, షూటింగ్ పిలిస్తే బిక్కమొహంతో వెళ్ళారు. పరీక్ష ఫలితం రావాలి. అన్నం కలుపుతుంటే భయం, జడ వేస్తుంటే భయం. ముక్కలో ఏముందో అన్న భయం ఒకటి. దాన్ని మించిన భయం ఇంకొకటి ఉండేది, దాన్ని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ప్రాణం దక్కి గొంతు దక్కకపోతే? అప్పుడు నేనెవరిని?

ఒక శనివారం సాయంత్రం దూరదర్శన్‌లో పాత సినిమా వచ్చింది. హీరోయిన్ నోరు తెరవగానే నా గొంతు. మా అమ్మాయి గబుక్కున లేచి వాల్యూమ్ పెంచి, టీవీ స్టాండుకి వీపు ఆనించి కూర్చుని కళ్ళు మూసుకుంది. నేను నాలుగడుగుల దూరంలో కుర్చీలో ఉన్నాను. నా కూతురు నన్ను వదిలి నా గొంతు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. కుళ్ళుకున్నాను. ఎవరి మీద కుళ్ళుకోవాలో కూడా తెలియలేదు.

మేష్టారు బత్తాయిలు పట్టుకుని చూడవచ్చారు. కాసేపు కూర్చుని, ఆయన అలవాటు ఎక్కడికి పోతుంది, మొదలుపెట్టారు.

"చూడమ్మాయ్, నొప్పి అనేది ఒకటుంటుంది. అది ఎవరికీ తప్పదు. దాని మీద 'నాకే ఎందుకొచ్చింది, నాది పోతోంది' అని మనం పేర్చుకునేది ఇంకొకటి. బుద్ధుడు ఆపమన్నది ఈ రెండోదాన్నే. మాటైనా, పేరైనా, ఒళ్ళైనా కొన్ని కారణాలు కలిస్తే వచ్చినవే. కారణాలు మారితే మారిపోతాయి. మారిపోయేదాన్ని పట్టుకుని 'ఇదే నేను' అంటే భయం కాక ఇంకేం మిగులుతుంది?"

నాకు ఒళ్ళు మండింది. పలక తీసుకుని, 'మీ గొంతు బాగానే ఉందిగా, ఎన్నైనా చెప్తారు' అని రాసి ఆయన ముక్కు ముందు పెట్టాను.

ఆయన నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "నిజమే. మా ఆవిడ పోయేనాటికి ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా ఆవిడ గది తలుపు తియ్యడానికి నాకు ఏడాది పట్టింది. లోపల ఆవిడ లేదని చూడాల్సొస్తుందని" అన్నారు. లేచి వెళ్తూ, "ఏం తోచకపోతే ఊపిరిని చూస్తూ కూర్చో. దాన్ని సరిచెయ్యకు. ఊరికే చూడు" అన్నారు.

ఊపిరి గురించి నాకు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులు. హీరోయిన్ ఎక్కడ పీలుస్తుందో, ఎక్కడ బిగబడుతుందో కాగితం మీద గుర్తులు పెట్టుకుని చెప్పినదాన్ని నేను. కాని కూర్చుంటే తెలిసింది, ఇన్నేళ్ళలో నా ఊపిరిని నేను ఒక్కసారీ చూడలేదు. చూస్తే అది గొంతు దాకా వచ్చి ఆగుతోంది. గొంతు ఉందా లేదా అని తడిమి చూసుకుని వెళ్తోంది. ప్రతిసారీ అదే. శాంతి వస్తుందనుకున్నాను. భయం ఎక్కడ కూర్చుని ఉందో తెలిసింది, అంతే. అయినా అది పొద్దస్తమానం ఉండదనీ, వస్తుందనీ, పెరుగుతుందనీ, ఒక్కోసారి అన్నం పొంగేలోపే తగ్గుతుందనీ అప్పుడే గమనించాను. మళ్ళీ వచ్చేదనుకోండి.

ఫలితం వచ్చింది. చెడు జబ్బు కాదు. మా ఆయన ఫోన్లో ఏడ్చేశారు. డాక్టరు మళ్ళీ అద్దం పెట్టి చూసి, పుండు మానిందన్నారు. "ఇక మెల్లిగా మాట్లాడొచ్చు. గొంతు మునుపటిలా ఉంటుందని మాత్రం చెప్పలేను. ఏదీ, ఒక మాట అనండి" అన్నారు.

నేను తల అడ్డంగా ఊపాను. ఇంటికెళ్ళి అంటానని సైగ చేశాను. ఇంటికొచ్చి రేపు అనుకున్నాను. మర్నాడు మంచిరోజు కాదనుకున్నాను. థియేటర్ నుంచి ఫోన్ వస్తే తియ్యలేదు. మా ఆయనకి డాక్టరు ఇంకా వద్దన్నారని కింది ఇంటి ఓనరమ్మ చేత చెప్పించాను. నోరు తెరవనంత కాలం నా పాత గొంతు లోపల భద్రంగా ఉన్నట్టే. తెరిస్తే ఏముందో తెలిసిపోతుంది. తృష్ణ అంటే నగలూ మేడలూ కావాలనుకోవడం అని నేను అనుకునేదాన్ని. ఇంత చడీచప్పుడూ లేకుండా, ఒక మూసిన నోట్లో కూడా ఉంటుందని ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.

అలా రోజులు సాగుతుండగా ఓనరమ్మ మెట్లెక్కి పైకి వచ్చింది. గట్టి మనిషి, మనసులో ఏదీ దాచుకోదు.

"ఏందమ్మా గిది? పొల్ల ముచ్చట్నే పెడ్తలేదు. నీళ్ళు గావాల్నంటే గిట్ల చేత్తోని చూపెడ్తది. నీకంటే పాణం బాగలేదు, దానికేమైంది? బడి కాడ టీచరమ్మ గూడ అడిగింది, పిలిస్తె పలుకుతలేదంట. నాకైతే ఫికరైతుంది."

ఎప్పట్నుంచి? నేను పలక మీద రాస్తే అదీ పలక మీదే జవాబు రాసేది. ముచ్చటగా ఉందనుకున్నాను. అది చివరిసారి గట్టిగా ఎప్పుడు మాట్లాడిందా అని వెతికితే గుర్తుకు రాలేదు. నా గొంతు మీద పెట్టిన చెవి ఇల్లంతటికీ మూసుకుపోయింది.

ఓనరమ్మ దిగి వెళ్ళాక దాన్ని దగ్గరికి లాక్కున్నాను. మాట్లాడు అని సైగ చేశాను. తల ఊపింది, వద్దని. మళ్ళీ సైగ చేశాను, గట్టిగా భుజాలు పట్టుకుని. అది చూపుడువేలు నా పెదవుల మీద పెట్టి, నా చెవిలో, నేను నేర్పిన గుసగుసలోనే అంది.

"మాట్లాడితే అయిపోతుందమ్మా. నీది అయిపోలేదూ?"

ఇంత గొంతు ఉంటే, దాన్ని పొదుపుగా దాచుకుంటోంది ఆ పిల్ల. నేను చేస్తున్నదే చేస్తోంది. అప్పుడు వేసినంత భయం నాకు ఆపరేషన్ బల్ల మీద కూడా వెయ్యలేదు.

"కాదే" అన్నాను.

బయటికి వచ్చింది ఎవరిదో. లావుగా, గరుగ్గా, మధ్యలో విరిగి. ముసలి మగవాడి గొంతులా ఉంది. మా అమ్మాయి చటుక్కున వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది. దాని కళ్ళల్లో బెదురు చూశాను. ఇక ఆ హీరోయిన్లు నావాళ్ళు కారు, ఆ మైకు నాది కాదు. అది తెలియడానికి ఒక్క మాట పట్టింది. నోరు మూసుకుందామనిపించింది. మూసుకుంటే అదీ మూసుకుంటుంది.

"కాదే తల్లీ. మాట్లాడితే అయిపోదు" అన్నాను.

అది నా నోటివంకే చూస్తూ, ఇంకా గుసగుసగానే, "ఇది ఎవరి గొంతు?" అంది.

"తెలీదు. ఇవాళ్టికి ఇదే ఉంది."

"రేపో?"

"రేపటి సంగతీ తెలీదు."

గోడ వదిలి ఒక అడుగు ముందుకొచ్చింది. నా మెడ మీద, గొంతు కదిలే చోట చెయ్యి పెట్టింది.

"నీకు భయంగా ఉందా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ గొంతుకి ఇంకా అబద్ధం చెప్పడం రాలేదు.

"ఉందే. చాలా" అన్నాను.

"నాకూ" అంది. గట్టిగా అంది, కింద ఓనరమ్మకి వినపడేంత గట్టిగా.