విప్పేసిన పిండికట్టు

తొంభైల మొదట్లో మా పాప పుట్టినప్పుడు దాని ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. నేను ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. గుడ్డులో కోడిపిల్ల కాళ్లు తన్నుకుంటేనే దాని మోకాలి కీలు సరిగ్గా ఏర్పడుతుందనీ, మందిచ్చి ఆ తన్నులు ఆపేస్తే ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయనీ, పెరిగే కండకూ ఎముకకూ లాగుడూ ఒత్తిడీనే దారి చూపిస్తాయనీ బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పేదాన్ని. అన్నీ శ్రీరంగనీతులే! నా పిల్ల దగ్గరకొచ్చేసరికి నేను చేసిన పని వింటే మీరు నా మొహాన ఉమ్మేస్తారు.

ఆసుపత్రిలో డాక్టరు ధైర్యం చెప్పాడు. "పసిదాని పాదంలో ఇంకా చాలావరకు మెత్తటి మృదులాస్థే. వారం వారం కొంచెం బయటికి తిప్పి పిండికట్టు వేస్తాం. కట్టు ఎటు పట్టి ఉంచితే పాదం అటే పెరుగుతుంది. ఒక్క వారం కూడా మానొద్దు" అన్నాడు. మా అత్త మద్రాసులో మేముండే వ్యాసర్పాడి దాటి పెద్దగా తిరిగిన మనిషి కాదు, సంతకం కూడా రాదు. ఆమె అదే సంగతి ఒక్క ముక్కలో తేల్చేసింది. "మొక్కై వంగనిది మానై వంగుతాదా? ఇప్పుడే వంచాల. పద, నేనూ వస్తా." ప్రతి వారం బస్సులో పాపను ఒళ్లో పెట్టుకుని నాతో వచ్చేది. ఐదు కట్లయ్యేసరికి పాదం ముప్పాతిక వంతు దారికొచ్చింది.

మూడో నెలలో పాపను తొట్లో వేసే పండగ పెట్టారు. ఆ రోజు అందరి ముందూ మేనత్త పాప కాళ్లకు వెండి గొలుసులు తొడగడం మా ఇళ్ల ఆనవాయితీ. ఆడబిడ్డ రాయపురం నుంచి వస్తుంది, నా పుట్టింటివాళ్లు నెల్లూరు నుంచి వస్తారు. తొడ దాకా తెల్లటి కట్టున్న కాలికి గొలుసెలా వేస్తారు? "అంత చదివినదానికి అవిటిపిల్ల పుట్టిందే" అని చెవులు కొరుక్కుంటారని నాకు ఒకటే సిగ్గు. పండగకు రెండు రోజుల ముందు గోరువెచ్చటి నీళ్లలో కట్టు నానబెట్టి ఊడదీసేశాను. అంతకు ముందు వారం డాక్టరు గదిలోకి నేనొక్కదాన్నే వెళ్లాను. అందుకని అత్త అడిగితే, "కొన్నాళ్లు కాలికి గాలి తగలనిమ్మన్నాడు" అని చెప్పాను. ఆమె నమ్మింది. చదువుకున్నదాన్ని కదా!

పండగ బాగా జరిగింది, ఫోటోలు కూడా తీయించాం. గొలుసులు వేశాక పాప కాళ్ల మీద పట్టుగుడ్డ కప్పేశాను. ఆ తర్వాత చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గలేదు. నేనూ వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ నెల గడిపేశాను. పట్టి ఉంచే కట్టు లేక పాదం మళ్లీ లోపలికి తిరిగిపోయింది, మడమ వెనక భాగం గట్టిగా బిగుసుకుపోయింది. నేను చెప్పే పాఠం నాకు గుర్తు రాలేదా అంటే, రోజూ వచ్చింది. తెలిసే చేశాను.

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరు కాలు చూసి మండిపడ్డాడు. "కట్టు ఎవరు తీశారు?" "మా అత్తగారు సార్. నూనె మర్దన చేస్తే చాలని... నేను చూడనప్పుడు" అనేశాను. ఛీ! ఆమె నా పక్కనే, పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. డాక్టరు తమిళంలో ఆమెను దులిపేశాడు. "బుద్ధుందా అవ్వా? పిల్ల కాలు నాశనం చేశావే! ఇక ఆపరేషనే" అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా ఆమెనే చూశారు. ఆమె నా వైపు ఒక్కసారి చూసి తల వంచుకుంది.

ఆటోలో నేను ఏడుస్తుంటే ఆమే నా వీపు నిమిరింది. "ఊరుకోమ్మా, బాలింతవి. ఆ తిట్లు నిన్ను తిట్టుంటే పాలు ఎండిపోయుండు. నన్ను తిడితే ఈడ ఏముంది ఎండిపోయేదానికి?"

ఆ మాటకు ఆమె కాళ్ల మీద పడాల్సింది. పడలేదు. ఇంటాయనకూ చుట్టాలకూ నా అబద్ధమే నిజమైపోయింది.

ఏడాది నిండకముందే పాపకు ఆపరేషన్ చేశారు. నడక వచ్చింది గానీ ఎడమ పిక్క సన్నగా మిగిలిపోయింది, పరుగెత్తితే కాలు ఈడుస్తుంది. దానికి ఏడేళ్లప్పుడు స్కూల్లో పరుగు పందెంలోంచి తీసేశారు. ఏడుస్తూ ఇంటికొచ్చి, బియ్యం చెరుగుతున్న అవ్వ మీద విరుచుకుపడింది. "నా కట్టు నువ్వే ఊడబెరికేశావంట! రాయపురం అత్త చెప్పింది. అంతా నీ వల్లే!"

ఆమె చాట పక్కన పెట్టింది. నా వైపు చూడనైనా చూడలేదు. "అవునమ్మా, నేనే. తెలీనిదాన్ని, చేసేసినా" అని దాన్ని దగ్గరికి తీసుకోబోయింది.

పాప ఆ చెయ్యి విదిలించుకుని వచ్చి నా ఒళ్లో పడి ఏడ్చింది. నేను దాని తల నిమురుతూ కూర్చున్నాను. ఆ రోజూ నోరు విప్పలేదు.