రుజువుల బాబాయి తడి వేలు

కాగితం చూపిస్తే తప్ప, రుజువుల బాబాయి లెక్కలో ఎవరూ ఎవరికీ ఏమీ కారు. జనన మరణాల ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు రిజిస్టర్లు రాసి రిటైరైన మనిషి. తప్పిపోయిన చుట్టాలను వెతికిపెట్టమని జనం ఇంటికొస్తే, పాత పుస్తకాలు తిరగేసి ఎక్కడెక్కడి మేనత్తలనో పట్టుకొస్తాడు. తీరా ఆ మేనత్త ఎదురుగా నిలబడి బావురుమంటుంటే, చూపుడువేలు నాలుక మీద తడి చేసుకుని ఆవిడ తెచ్చిన కాగితం మీద రుద్దుతాడు. సిరా వేలికి అంటిందా, అది దొంగ కాగితం. ఏడుపు చెల్లదు.

పిన్ని, అంటే ఆయన భార్య, పెళ్లి సర్టిఫికెట్టును నగలకన్నా భద్రంగా దాచుకుంది, ఎందుకైనా మంచిదని. ఎందుకంటే మరిది గతి ఆమె కళ్లారా చూసింది. ఆ మరిది పుట్టుక నమోదైన పుస్తకాన్ని చెదలు తినేశాయి. అప్పటినుంచి పదకొండేళ్లుగా బాబాయి ఒకటే మాట: "తమ్ముడినని చెప్పుకుంటున్న వ్యక్తి వచ్చాడు, కాఫీ ఇవ్వు."

"అన్నయ్యా, ఇద్దరం ఒకే మంచం మీద పడుకునేవాళ్లం కదా!" అని తమ్ముడు మొత్తుకునేవాడు.

"సాక్షులెవరు?"

"అమ్మ!"

"ఆవిడ పోయినట్టు రికార్డుంది."

అలాంటి మనిషి దగ్గరకు వీధి చివర దర్జీపని చేసుకునే అమ్మాయి వచ్చింది. అనాథాశ్రమంలో పెరిగిన పిల్ల. మెడలో టేపు వేలికి చుట్టుకుంటూ, "నావాళ్లంటూ ఒక్కరు దొరికినా చాలు బాబాయిగారూ" అంది.

ఆశ్రమం పుస్తకంలో ఉన్నది ఒకటే ముక్క: "ఆడపిల్ల, మెట్ల మీద, నీలం తువాలు." బాబాయి ఎనిమిది నెలలు ఆసుపత్రుల పుస్తకాలన్నీ గాలించాడు. ప్రతి ఆదివారం ఆ అమ్మాయి వచ్చేది, అడగలేక గుమ్మంలో నిలబడేది. "వెతుకుతున్నానమ్మా" అనేవాడాయన, తలెత్తకుండా. ఒక శనివారం ఆఖరి పుస్తకమూ అయిపోయింది. ఆ పూట ఆయన అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

మర్నాడు అమ్మాయి గుమ్మంలోకి రాగానే, బాబాయి ఓ పాత రిజిస్టరు తెరిచి గొంతు సవరించుకున్నాడు.

"దొరికింది. మా పెద్దన్నయ్య కూతురివి. నాకు కూతురి వరస."

పిన్ని చేతిలో గరిటె జారింది. "మీకు అన్నయ్యేమిటండీ? ఇంటికి మీరే పెద్ద కదా!"

"రికార్డు చూసి మాట్లాడు."

అమ్మాయి ఎనిమిది నెలలుగా ఆయన పని చూస్తోంది. చూపుడువేలు తడి చేసుకుని రిజిస్టరులోని ఆ రాత మీద మెల్లగా రుద్దింది. వేలు నీలంగా మారింది. ఆ వేలి వంక, ఆయన వంక చూసింది. కళ్లు నిండాయి, నవ్వూ ఆగలేదు.

"సిరా ఇంకా ఆరలేదు బాబాయ్."

ఎనిమిది నెలల "గారు" ఆ మాటతో ఎగిరిపోయింది.

"ముప్పై ఏళ్ల నాటి సిరా. తేమకి అలాగే వస్తుంది" అన్నాడు బాబాయి పైకప్పు వైపు చూస్తూ.

పిన్ని కొంగుకు చెయ్యి తుడుచుకుని, కలం లాక్కుని, సాక్షి గడిలో సంతకం చేసింది.

"తేదీ వెయ్యి, లేకపోతే చెల్లదు" అన్నాడాయన. "రెండో సాక్షి కూడా కావాలి. తమ్ముణ్ణి రమ్మని ఫోను చెయ్యి."

పిన్ని కలం గాలిలోనే ఆగింది.

"తమ్ముడా? రుజువేదండీ?"