రెండు గదులకు ఒక్క బుగ్గ

మహబూబాబాద్‌లో మా అక్క వాళ్లింటి వెనక ఒకాయన నాటుకోడి పిల్లలను పెంచుతాడు. మొన్న చలికాలం పొద్దున ఆ షెడ్డు పక్కనుంచి నడుస్తుంటే ఒక వాసన నన్ను అక్కడే నిలబెట్టేసింది. పిల్లలకు వెచ్చదనం కోసం ఆయన ఒక రేకు కింద పాతకాలపు తీగ బల్బు వెలిగించి పెట్టాడు. కాగిన గాజు మీద దుమ్ము సన్నగా మాడే వాసన అది. ఒకప్పుడు వెలుగుకు వాసన ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా ఇంట్లో మాత్రం చాలా ఏళ్లు సాయంత్రం అయిందంటే ఆ వాసనే.

నేను భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో, కరెంటు పుట్టేచోట ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఏ దీపం చూసినా ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు, నెలకు ఎన్ని యూనిట్లు అని లెక్క కట్టుకోవడం నాకు అలవాటు. ఈ లెక్క కాలేజీలో నేర్చుకున్నానని అందరూ అనుకుంటారు. కాదు, జనగామలో ఒక కిరాయింటి అరుగు మీద, మా అమ్మ పెట్టిన పరీక్షలో నేర్చుకున్నాను.

నేను మూడో తరగతిలో ఉండగా కొడకండ్ల నుంచి జనగామకు వచ్చాం. నాయిన లారీ నడిపేవాడు. వారానికోసారి కనిపించి, రెండు రోజులు నిద్రపోయి, మళ్లీ వెళ్లిపోయేవాడు. ఇంట్లో ఉండేది అమ్మ, అక్క, నేను. మేమున్నది ఒక పెద్ద పెంకుటింటి వెనక భాగంలో రెండు గదులు. ముందు భాగంలో ఇంటి యజమానురాలు ఒక్కతే ఉండేది. రఘునాథపల్లి వైపు ఆమెకు పొలాలుండేవి, వాటిని మరుదులు చేసేవాళ్లు. అందరూ ఆమెను పటేలమ్మ అనే పిలిచేవాళ్లు. తెల్లటి జుట్టు, నడుముకు దోపిన ఆకువక్కల సంచి, వాకిలి ఆ చివరనుంచి ఈ చివరకు సునాయాసంగా అందే గొంతు. మా పెరటి జామచెట్టు మీద ఏ పిందె ఏ రోజున కాయ అవుతుందో కూడా ఆమెకు తెలిసేది కాబట్టి మేం దొంగతనంగా కోసింది ఒక్కటీ లేదు.

ఇంటి మొత్తానికీ మీటరు ఒక్కటే, అది పటేలమ్మ అరుగు మీద ఉండేది. మా వైపు బల్బును బుగ్గ అంటారు. అప్పట్లో కిరాయిండ్లలో కరెంటు పైసలు బుగ్గల లెక్కన కట్టేవాళ్లు. బుగ్గకు ఇంత అని నెలకు ఒక వంతు. ఒకటి పెట్టుకుంటే ఒక వంతు, రెండు పెట్టుకుంటే రెండు. ఆ బుగ్గ ఎంత కరెంటు తింటుందన్న ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. అది ఎన్ని గంటలు వెలుగుతుందన్న సంగతిని పటేలమ్మ తన గొంతుతో చూసుకునేది. తొమ్మిది కాగానే వాకిట్లోంచి మా అమ్మను కేకేసేది: "స్వరూపా, బుగ్గ బందు చెయ్!"

మేం ఒక్క బుగ్గకే కట్టేవాళ్లం. రెండు గదుల నడిమి గోడలో పైన రెండు ఇటుకలు తీసిన కంత ఒకటి ఉండేది. అమ్మ ఆ కంతలో వంద వాట్ల బుగ్గను వేలాడదీసింది. అటు సగం వెలుగు, ఇటు సగం వెలుగు. ముందు గదిలో అమ్మ చీరలకు ఫాల్ కుట్టేది, వెనక గదిలో అక్క చదువుకునేది, నేను ఎటు పోతే అటు నా నీడ నాకంటే ముందు గోడెక్కేది. ఆ సగం వెలుగులోనే బియ్యంలో రాళ్లు ఏరడం, నా జేబులోని గాజు గోటీలను రంగుల వారీగా పేర్చుకోవడం, ఆదివారం తలల్లో పేలు చూడడం, నాయిన వచ్చిన రోజున మక్కగారెలు తినడం, అన్నీ జరిగేవి. తొలకరి పడ్డ సాయంత్రాల్లో ఉసిళ్లు గుంపులుగా ఆ కంతలోకి దూరేవి. అమ్మ కింద గిన్నెలో నీళ్లు పెట్టేది, రెక్కలు అన్నీ నీళ్ల మీద తేలేవి, కొన్ని గాజుకు తగిలి చిటపటమని కాలి ఆ వాసనను ఇంకాస్త ఘాటు చేసేవి.

బతుకమ్మ దగ్గర పడిందంటే అమ్మకు చేతినిండా పని. బట్టల దుకాణం నుంచి కట్టలు కట్టలుగా కొత్త చీరలు వచ్చేవి, ఇల్లంతా గంజి వాసన. వాకిట్లో గునుగు, తంగేడు పూలు కుప్పలుగా పడి ఉండేవి. నేను గునుగుకు రంగులద్ది చేతులు గులాబీ చేసుకుని, అమ్మ చీరల దగ్గరకు రావద్దని అరిచినప్పుడల్లా సత్తుపిండి ముద్దతో పటేలమ్మ అరుగు మీదకు వలసపోయేవాడిని. ఆ పండుగ పైసల్లోంచే అక్క ట్యూషన్‌కు కట్టేవాళ్లం.

ఆ ఏడు అక్క పదో తరగతికి వచ్చింది. దాంతో సగం వెలుగు చాలలేదు. రేఖాగణితం బొమ్మలు గీయాలంటే బుగ్గ తన వైపు కిందికి దిగాలి. అలా దించితే అమ్మ గది చీకటి. ఫాల్ కుట్టు చీర పైకి కనపడకుండా సన్నగా పడాలి, దానికీ దగ్గర వెలుగు కావాలి. కొన్నాళ్లు ఒకరోజు అటు, ఒకరోజు ఇటు దించుకున్నారు. పండుగ దాటాక వచ్చిన పరీక్షలో అక్కకు లెక్కల్లో మార్కులు బాగా తగ్గాయి. ఆ రోజునుంచి అమ్మ ప్రతి సాయంత్రం బుగ్గను అక్క వైపే దించి, తను పగటి వెలుగుకు అందినన్ని చీరలే ఒప్పుకుంది. పగలంతా ఇంటి పనులే కాబట్టి ఆ చీరలు తక్కువ. చీరలు తగ్గితే ట్యూషన్ ఆగుతుంది. వెలుగు అక్కకిస్తే పైసలు లేవు, తనుంచుకుంటే చదువు లేదు. రెండో బుగ్గ పెట్టుకుందామంటే రెండో వంతు కట్టాలి, ఆ వంతు ఫాల్ కుట్టిన పైసల్ని మింగేస్తుంది.

అప్పుడు అమ్మ చూపు దుకాణం కప్పు మీద పడింది. చీరలు తెచ్చే బట్టల దుకాణంలో సేటు పాత ట్యూబులన్నీ తీసేసి, మూడు గాజు గొట్టాలు వంచి నిలబెట్టినట్టుండే తెల్లటి సీఎఫ్‌ఎల్ లైట్లు పెట్టించాడు. వాటి ధర పాత బుగ్గకు ఎన్నో రెట్లు. అమ్మ ఆ రాత్రి అన్నం పెడుతూ అక్కతో అన్నది: "గంత పిరమైనవి సేటు ఊకెనే పెడతడా? ఏదో మిగులుతుంటెనే పెట్టిండు." మరునాడు సేటును అడిగింది, బిల్లు తగ్గిందన్నాడు. ఆ పండుగలో దాచిన పైసల్లోంచి అమ్మ రెండు సీఎఫ్‌ఎల్‌లు కొన్నది, ఒక్కోటి ఇరవై వాట్లు. ఇప్పుడు తలుచుకుంటే నాకు అది చిన్న ధైర్యంగా అనిపించదు. అవి పనికి రాకపోతే అక్క ట్యూషన్ ఆ నెలే ఆగిపోయేది.

పెట్టెలు విప్పకముందే పటేలమ్మ వచ్చేసింది. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందే గిది? ఒకటి, రెండు, మూడు. మూడు బుగ్గలు ఒక్కతాన కట్టిండ్రు. గసొంటివి రెండు తెచ్చినవ్. ఆరు బుగ్గల పైసలు కడతవా?"

"మేకకు నాలుగు కాళ్లున్నయని నాలుగు మేకలంటమా పటేలమ్మా?" అన్నది అమ్మ.

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. పటేలమ్మకు కూడా నవ్వొచ్చింది గానీ మింగేసింది. "కాళ్ల ముచ్చట ఇడిచిపెట్టు. రెండు కనవడుతున్నయా, రెండు వంతులు."

"రెండూ కలిపి పాత బుగ్గల సగం గూడ తినయట. నా మాట నమ్మకు. మీటర్ కాడికి పోదాం, చక్రమే చెప్తది."

అప్పటి మీటర్లలో గాజు వెనక అడ్డంగా ఒక సన్నటి చక్రం తిరిగేది, దాని అంచు మీద ఒక ఎర్ర గీత. రోజూ పొద్దున అరుగు ఊడ్చే అమ్మ ఆ చక్రాన్ని చూసేది. పటేలమ్మ చట్నీకి మిక్సీ వేస్తే అది పరుగెత్తడం, మిక్సీ ఆగితే మెల్లబడడం అమ్మ కంట పడ్డది. కరెంటు ఎంత పోతే చక్రం అంత జోరుగా తిరుగుతుందని ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నది.

ఆదివారం మధ్యాహ్నం పరీక్ష. ఇంట్లో అన్నీ ఆపాలన్నది అమ్మ. పటేలమ్మ ఫ్యాను ఆపింది, టీవీ ఆపింది, ఫ్రిజ్ దగ్గర మాత్రం మొరాయించింది.

"పాలు ఇరిగితే నువ్విస్తవానే?"

"ఇరిగితే కోవ చేసిపెడత. జర సేపే."

ఫ్రిజ్ ఆగింది. చక్రం కూడా ఆగింది. నన్ను స్టూలు మీద నిలబెట్టి ఎర్ర గీత చుట్టు తిరిగి ఎప్పుడు వస్తుందో చూడమన్నారు. ముందు పాత వంద బుగ్గ వేశారు. పటేలమ్మ గద్దె మీద కూర్చుని ఒక తమలపాకు తీసి, తొడిమ తుంచి, సున్నం రాసింది. సున్నం డబ్బీ మూత పెడుతుండగానే "గీతొచ్చింది!" అని అరిచాను. బుగ్గ ఆర్పి, కొత్త లైట్లు రెండూ వేశారు. పటేలమ్మ ఇంకో ఆకు తీసింది, సున్నం రాసింది, వక్క పెట్టి చుట్టింది, నోట్లో పెట్టుకుని నమిలింది, లేచి వాకిట్లోకి పోయి ఉమ్మి వచ్చింది. గీత ఇంకా రాలేదు.

"చక్రం గిట్ల నిద్రపోయిందా ఏంది?" అని ఆమె మీటరు మీద వేలితో రెండు దెబ్బలు కొట్టింది.

"మిక్సీ వెయ్యి, మేల్కున్నదో లేదో తెలుస్తది," అన్నది అమ్మ. అక్క పోయి ఉత్త మిక్సీ తిప్పింది. చక్రం గిర్రున తిరిగింది. ఆపగానే మళ్లీ మెల్లగా, ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు.

పటేలమ్మ ఆకువక్కల సంచి మూసి నడుముకు దోపుకుంది. చివరకు అమ్మ వైపు తిరిగింది.

"సరే. రెండింటికీ కలిపి ఒక్క బుగ్గ పైసలియ్యి."

"తొమ్మిది గంటల సంగతి?"

"నీకు నోరెక్కువైందే స్వరూపా! పోరి పరీక్షలయ్యేదాక నేను పిలువ, పో."

ఆ మాట ఆమె నిలబెట్టుకుంది. ఆ సాయంత్రమే రెండు గదుల్లోనూ లైట్లు వెలిగాయి. అమ్మ తన దారపు ఉండలను ముందు పరుచుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. పసుపు వెలుగులో నలుపూ ముదురు నీలమూ ఒక్కలాగే కనిపించేవి, ఆ తెల్లటి వెలుగులో మొదటిసారి విడివిడిగా కనిపించాయి. వెనక గదిలో అక్క చతుర్భుజం గీసి, స్కేలు పెట్టి కొలిచి, మళ్లీ గీసింది. కాసేపటికి తలుపు దగ్గర అలికిడి. పటేలమ్మ తన గదుల్లోని బుగ్గలన్నీ ఆర్పేసి, చాప చంకన పెట్టుకుని వచ్చింది. "మీ వెలుగు కండ్లకు సల్లగున్నది," అని అమ్మ పక్కన కూర్చుంది. అసలు సంగతి తన కరెంటు మిగులుతుందని అందరికీ అర్థమైంది. అది మొదలు రోజూ వచ్చేది. "గట్టిగ సదువు పోరీ, నాకు ఇనవడాలె," అని అక్కతో సాంఘికశాస్త్రం పైకి చదివించుకునేది. ఏ రాజు ఏం చేశాడో విని, నచ్చకపోతే ఆ రాజును తిట్టేది. అమ్మ మళ్లీ దుకాణం చీరలు ఒప్పుకుంది, ట్యూషన్ ఆగలేదు. అక్క పదిలో మంచి మార్కులతో పాసైంది. ఆ రోజున పటేలమ్మ వాకిట్లో అందరికీ పేరుపేరునా చెప్పింది, చదివింది తనే అన్నట్టు.

లెక్క చెప్పడం నా పని కాబట్టి చెప్తాను. పాత వంద వాట్ల బుగ్గ రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు పదిహేను యూనిట్లు. అమ్మ కొన్న రెండూ కలిసి అదే ఐదు గంటలకు ఆరు. ఇప్పుడు నా క్వార్టరులో రెండు గదుల్లో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీలు ఉన్నాయి, రెండూ కలిసి మూడు యూనిట్లు కూడా కావు. ఇంత అగ్గువైన వెలుగు మా ముందు తరాల్లో ఎవరికీ దొరకలేదు.

పోయిన నెల అక్క దగ్గర్నుంచి అమ్మను తీసుకుని జనగామలో పనిమీద దిగాను. పాత వీధికి వెళ్లాం. పటేలమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ పెంకుటిల్లు ఉన్నచోట మూడంతస్తుల భవనం, చిన్న చిన్న వాటాలు. మెట్ల కింద గోడకు వరుసగా మీటర్లు, ఇంటికొకటి. చక్రాలు లేవు, చిన్న ఎర్ర చుక్కలు ఆరుతూ వెలుగుతున్నాయి. వాటాలన్నిటికీ తలుపులు మూసి ఉన్నాయి. నేను పోయినవాటిని మనసులో వరుసగా రాసుకుంటున్నాను: కంత, చక్రం, జామచెట్టు, చాప పట్టుకుని వచ్చే మనిషి.

"ఎవలి మీటర్ వాళ్లదైందమ్మా," అన్నాను. "ఒక్క బుగ్గ కింద అందరం కూసునే దినాలు పోయినయి."

అమ్మ మీటర్ల వరుసను ఈ చివరనుంచి ఆ చివరిదాకా చూసింది.

"మంచిగైంది బిడ్డా," అన్నది. "నీకేం ఎర్క. మీ అక్కకు ఇంకో బుగ్గ పెట్టుకుంట, జర తక్కువ తీసుకో అని అడగనీకి ఎన్నిమార్లు పోయిన్నో. అరుగు దాక పోతుంటి, నోరు రాకపోతుండె. 'ఆకులు అయిపోయినయా పటేలమ్మా, తేవాల్నా' అని అడిగి తిరిగొస్తుంటి. గీ ఇండ్లల్ల ఉన్న ఏ తల్లికీ గట్ల అడిగే పని లేదిగ."

అమ్మ చెప్పులు సవరించుకుని, బస్సు టైమవుతోందని ముందు నడిచింది. మీటర్ల మీద ఎర్ర చుక్కలు వెలుగుతూనే ఉన్నాయి. పోయినవాటి వరుసలో చివరన అలా అడగాల్సి రావడాన్ని కూడా రాసుకున్నాను, అదొక్కటి మాత్రం సంతోషంగా.